పక్కటెముకలు పీకిన ఓడ

కోపంతో చేసిన వస్తువు అందంగా రాదని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అంటారు. మా ఇంట్లో టీవీ పక్కన నిలబెట్టిన ఓడను చూస్తే ఆ మాట అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది. మూరెడు పొడవు, మూడు తెరచాప కొయ్యలు, నేను కుట్టిన పదకొండు తెరచాపలు. ప్రతి పలక వెనకా నా కోపం ఉంది. జిగురు కంటే అదే గట్టిగా పట్టి ఉంచిందని నా అనుమానం.

మా తాత అల్లపల్లి అడవిలో టేకు మొద్దులు లాగిన కూలీ. ఆ టేకుతో పడవలు చేసే పని మా బాపు నేర్చుకున్నాడు. ప్రాణహిత మీద వంతెన పడేదాకా, మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచ నుంచి అవతలి ఒడ్డుకు ఆసుపత్రికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా, పెళ్ళిచూపులకు పోవాలన్నా పడవే దిక్కు. రేవులో ఆగిన పడవల్లో సగం మా బాపు చేతివే. వంతెన వచ్చాక పడవ కావాలని అడిగేవాడు లేడు. అంతకు ముందే పడవలతో పాటు తలుపులు, మంచాలు కూడా చేసి మమ్మల్ని చదివించాడు. ఇప్పుడు ఆయనకు ఎనభై దగ్గర పడింది. మా అవ్వ, అంటే అమ్మ, పోయినప్పటి నుంచి నా దగ్గరే, నా జీతంతో నేను కట్టుకున్న ఇంట్లో ఉంటున్నాడు. నేను మరాఠీ బడిలో టీచరును. పెళ్ళి చేసుకోలేదు. దాని సంగతి ఇక్కడ వద్దు.

మా దగ్గర పడవలు చేసేవాళ్ళకు ఒక ఆచారం ఉండేది. కొత్త పడవ నీళ్ళలో దిగే ముందు దాన్ని చేసినవాళ్ళు పసుపులో చెయ్యి ముంచి పడవ ముక్కు మీద అచ్చు వేయాలి. డబ్బు పెట్టి చేయించుకున్నవాడు ఎంత పెద్దమనిషైనా అతని చెయ్యి అక్కడ పడదు. ఇది ఎవరు చేసిందని ఎవరైనా అడిగితే ఆ పసుపు చేతులనే చూపించేవాళ్ళు.

నాకు పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో బాపు ఒక పెద్ద పడవ చేశాడు. పలకల సందుల్లో నీళ్ళు దూరకుండా నార కూరింది నేను. నా చేతులు సన్నవి కాబట్టి లోపలి మూలలకు అవే పోయేవి. గుగ్గిలం దంచింది నేను, దాన్ని నూనెలో కాచింది నేను, కాలుతుంటే ఊదుకుంటూ సందులకు పూసింది నేను. బడి తెరిచాక కూడా నా గోళ్ళలోంచి ఆ నలుపు పోలేదు. తమ్ముడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. రంపపు పొట్టులో ఇళ్ళు కట్టి కూలగొట్టడమే వాడి పని. పడవ దించే రోజు అవ్వ పసుపు కలిపి పళ్ళెంలో తెచ్చింది. బాపు చెయ్యి పెట్టాడు. నేను ముందుకు వంగి నా చెయ్యి చాపాను. ఆయన పళ్ళెం ఎత్తి తమ్ముడి ముందు పెట్టాడు. ఆడపిల్ల చెయ్యి పడవ ముక్కు మీద పడొద్దన్నాడు, నా వైపు చూడకుండానే.

నెల రోజులు ఆ పడవ కడుపులో నా చేతులు తిరిగితే రాని దోషం ముక్కు మీద పడితే ఎట్లా వస్తుందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. సొమ్మొకడిది, సోకొకడిది. తమ్ముడి చిట్టి చెయ్యి చూసి రేవులో అందరూ ముచ్చటపడ్డారు. నేను ఇంటికి పోయి గుగ్గిలం కాచిన గిన్నె తోముకున్నాను.

పోయిన ఎండాకాలం మొదట్లో తమ్ముడు పుణె నుంచి ఒక పెట్టె పంపించాడు. వాడికి అక్కడ కంపెనీలో ఉద్యోగం. బాపుకు పొద్దు పోతుందని ఇంటర్నెట్‌లో చూసి తెప్పించాడట. అల్లపల్లి రోడ్డు సంగతి తెలిసిందే కదా, ఆ గుంతల్లో పడి లేచి పెట్టె మా గుమ్మానికి వచ్చేసరికి ఒక మూల నలిగిపోయింది. పెట్టె మీద సముద్రంలో పోతున్న పాతకాలపు తెరచాపల ఓడ బొమ్మ. లోపల లేతరంగు కర్ర ముక్కలు, పేపరంత పల్చటి పట్టీలు, దారం ఉండలు, బియ్యపు గింజంత ఇత్తడి మేకులు, తెల్లటి గుడ్డ, ఇంగ్లీషులో ఒక పుస్తకం. బాపు ఒక పట్టీ తీసి రెండు వేళ్ళతో వంచి చూశాడు. ఆటబొమ్మ అన్నాడు. పెట్టెను బీరువా మీదికి ఎక్కించాడు.

నేను దించాను. ఎందుకు దించానో ఆ రోజే నాకు తెలుసు. ఒక్క పడవ, మూరెడుదైనా సరే, మొదటి నుంచి చివరి దాకా నా చేతులతో చేయాలి. చేసి ఆయన ముందు పెట్టాలి. ఇది నా కూతురు చేసిందని ఆయన నోటితో అనాలి. అంతకంటే నాకేమీ వద్దు.

ఫోన్‌లో చూసుకుంటూ, తెలియని మాటలకు అర్థాలు వెతుక్కుంటూ మొదలుపెట్టాను. పుస్తకంలోని పద్ధతి ఇది: ముందు వెన్నుకర్ర, దానికి పక్కటెముకల్లాగా అడ్డంగా కర్ర ముక్కలు, ఆ ఎముకల మీద పట్టీలను ఒక్కొక్కటే వంచి అతికించాలి. మా బాపు పద్ధతి దీనికి ఉల్టా. వెన్నుకర్రకు అటూ ఇటూ పలకలను ఒకదానికొకటి చేర్చి బిగించుకుంటూ పోతాడు. పలకల వంపుతోనే పడవ ఆకారం లేస్తుంది. అదంతా నిలబడ్డాక, అప్పుడు లోపల ఎముకలు దిగ్గొడతాడు. ఎముకలు ముందు నిలబెట్టడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మంచం మీద కూర్చుని రోజూ ఒకే మాట.

"గిదేం పద్ధతి బిడ్డా? ముందుగాల ఒళ్ళు నిలవడాలె. ఎముకలు ఎనుక."

సముద్రపు ఓడలకు ఇదే పద్ధతి అని చెప్పాను. పుస్తకంలో బొమ్మలు చూపించాను. ఆయన బొమ్మల వైపు కూడా చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను నా పని చేసుకున్నాను. బియ్యం కడిగే గిన్నెలో పట్టీలు నానబెట్టేదాన్ని. బట్టల క్లిప్పులన్నీ ఓడకే పోయేవి, తీగ మీద చీరలు గాలికి ఎగిరి పెరట్లో పడేవి. పదకొండు పక్కటెముకలను ఒక్కొక్కటే గరుకు కాగితంతో రుద్ది, నిలువుగా ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూసుకుని, తెల్ల జిగురు పెట్టి నిలబెట్టాను. దానికే నెలన్నర పట్టింది. ఒక్కటి రవ్వంత వంగినా పీకి మళ్ళీ పెట్టాను. అంత ఓపిక నేను నా బడిపిల్లల మీద కూడా చూపించలేదు.

వారానికి ఒకసారి తమ్ముడు వీడియో కాల్ చేసేవాడు. ఓడ ఎందాక వచ్చిందని బాపును అడిగేవాడు. నడుస్తుంది అనేవాడు బాపు. ఎవరు నడిపిస్తున్నారో చెప్పేవాడు కాదు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఈసారి చెబుతాడేమోనని ప్రతిసారీ చెవి అటే పెట్టేదాన్ని, ఫోన్ పెట్టేశాక నా మీద నాకే మండిపోయేది.

అప్పుడు నాకు ఎన్నికల డ్యూటీ పడింది. రేగుంటలో పోలింగ్ కేంద్రం. రెండు రోజులు బడి బెంచీల మీద పడుకుని, పెట్టెలకు సీళ్ళు వేసి, సంతకాల మీద సంతకాలు చేసి మూడో రోజు పొద్దున ఇంటికొచ్చాను. చెప్పులు విడవలేదు, గుమ్మంలోంచే చూశాను. స్టీలు పళ్ళెంలో పదకొండు పక్కటెముకలు. ఒకదాని మీద ఒకటి, తిని పారేసిన చేప ముళ్ళలాగా.

వేడినీళ్ళు పోస్తే తెల్ల జిగురు మెత్తబడుతుందని ఆయనకు తెలుసు. పోసి, ఒక్కొక్కటే పీకేశాడు. రెండు విరిగాయి కూడా. వెన్నుకర్రకు అటూ ఇటూ పట్టీలు చేర్చుకుంటూ తన పద్ధతిలో మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, నోట్లో ఇత్తడి మేకులు పెట్టుకుని, ఎంతో సంతోషంగా ఉన్నాడు. మేకులు తీసి చేతిలో పెట్టుకుని అన్నాడు, "ఇగ సక్కగ చేస్తున్న బిడ్డా. నువ్వు తలకిందులు చేసినవ్."

నేను జీవితంలో అంత గట్టిగా ఎవరి మీదా అరవలేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. చూడనీ అనుకున్నాను.

"ఒక్కటంటే ఒక్కటి నా చేతుల్తోని చేసుకుంటుంటే అది గూడ పీకినవా బాపూ? పన్నెండేండ్లప్పుడు నా ముందటి నుంచి పళ్ళెం గుంజుకున్నవ్. ఇప్పుడు గిది."

ఆయన నా మొహం చూశాడు. కోపంగా కాదు, ఏదో లెక్క అర్థంకాని పిల్లాడిలాగా.

"ఏ పళ్ళెం?" అన్నాడు.

ఆయనకు గుర్తు లేదు. ముప్పై ఆరేళ్ళు నేను మోసిన దాన్ని ఆయన ఆ రోజు సాయంత్రానికే మర్చిపోయి ఉంటాడు. గుర్తుండి కాదన్నా నాకు అంత మంట పుట్టేది కాదు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఎన్నికల సంచీ భుజానికే ఉంది.

తర్వాత వానలు పడేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, మందులు పెట్టేదాన్ని, చాయ్ పెట్టేదాన్ని, మాట మాత్రం పెట్టలేదు. ఆయన కూడా ఏమీ తక్కువ తినలేదు. ఓడ ముందు కూర్చుని పట్టీ మీద పట్టీ చేర్చుకుంటూ పోయాడు. అయితే అది టేకు కాదు. ఆయన పద్ధతికి వేలెడు మందం పలక కావాలి, తన బలంతో తాను నిలబడేది. ఈ పట్టీలు చీపురు పుల్లకు అన్నదమ్ములు. ఐదు వరసలు లేచేసరికి ఒక పక్క లోపలికి వంగేది. అది సరిచేస్తే రెండో పక్క విచ్చుకునేది. చేతులు వేరే వణుకుతాయి. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి అంతా కూలి గచ్చు మీద పరుచుకుని ఉంది. ఆయన మధ్యలో కూర్చుని ఒక్కో పట్టీని ఏరుతున్నాడు.

నాకు సంతోషమైంది. అబద్ధమెందుకు చెప్పాలి? బాగా అయింది అనుకున్నాను. చాయ్ పెట్టుకుని, ఎదురుగా కుర్చీ వేసుకుని తాగాను.

ఆయన తల ఎత్తలేదు. "పలకలు నిలుస్తలేవు బిడ్డా," అన్నాడు.

ఎనభై ఏళ్ళకు ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చింది. రేవులో పదిమంది మేస్త్రీలున్నా ఎవరినీ సలహా అడగని మనిషి. జాలి పడాల్సిన చోటు అదే, నాకు తెలుసు. పడలేదు. పట్టీలన్నీ పోగుచేసి నా గదిలోకి తెచ్చుకున్నాను. విరిగిన రెండు ఎముకలకు కర్ర కావాలి. బాపు మంచం కింద ఒక పాత టేకు పలక ఉంటుంది. ఆయన చేసిన చివరి పడవను విప్పినప్పుడు తెచ్చి దాచుకున్నది. దాన్ని ఎవరూ ముట్టకూడదు, అవ్వ కూడా ముట్టేది కాదు. నేను అడగలేదు. మంచం కింద నుంచి లాగి, ఆయన రంపమే తీసుకుని, ఆయన కళ్ళ ముందే కోశాను. వద్దంటాడేమోనని ఎదురుచూశాను. అంటే ఇవ్వాల్సిన జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన రంపం వైపే చూశాడు కానీ ఏమీ అనలేదు. అనకపోవడంతో జవాబు నాలోనే ఉండిపోయింది, అందుకు నాకు ఇంకా కోపమొచ్చింది.

మళ్ళీ మొదటి నుంచి. తొమ్మిది పాత ఎముకలు, రెండు టేకు ఎముకలు. వానలు పడ్డాయి, ప్రాణహిత నిండింది, బడి నుంచి వచ్చి రోజూ రెండు మూడు పట్టీలు అతికించేదాన్ని. క్లిప్పులు చాలక వేళ్ళతో పట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఒక సాయంత్రం అట్లా రెండు చేతులూ ఇరుక్కుపోయి ఉంటే ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పట్టుకో అన్నాను. గుమ్మంలోంచి అరిచిన రోజు తర్వాత నేను ఆయనతో అన్న మొదటి మాట అదే. వచ్చి పట్టుకున్నాడు. జిగురు ఆరేదాకా కదల్లేదు. తర్వాత రోజూ వచ్చేవాడు. పట్టుకో అంటే పట్టుకునేవాడు, వదులు అంటే వదిలేవాడు. పద్ధతి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. దాంతో నా కోపం తగ్గిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పనిలో పడితే కోపం కనబడదు, అంతే.

కొయ్యలు లేచాయి. తెరచాపలు అవ్వ కుట్టుమిషన్ మీద కుట్టాను. పుస్తకంలో నూట పదహారు ముళ్ళు వేయమని ఉంది, వేశాను. చివరికి ఓడ నిలబడటానికి పీట ఒకటి మిగిలింది. దాన్ని కూడా ఆ టేకు పలకలో మిగిలిన ముక్కతో ఉలి పట్టి చెక్కుతుంటే, ఉలి జారి కుడి బొటనవేలు తెగింది. లోతుగానే తెగింది. గుడ్డ చుట్టుకుని మిగతా పని ఎడమచేత్తో చేశాను.

ఆ మర్నాడే తమ్ముడు వచ్చాడు, ఓడ చూడటానికే సెలవు పెట్టి. చుట్టుపక్కల నలుగురు వచ్చారు. ఓడను టీవీ పక్కన పీట మీద పెట్టాను. బాపు ఉతికిన ధోతి కట్టుకుని దాని పక్కన నిలబడ్డాడు. పక్కింటావిడ, ఇది నువ్వే చేసినవా పెద్దబాపూ అని అడిగింది. గోడ మీంచి అన్నీ చూసిన మనిషే అట్లా అడిగింది చూడండి. ఆయన అన్నాడు, "కొడుకు పంపిండు. ఇంట్ల చేసినం."

చేసినం. ఆ మాటలో నన్ను ఎక్కడ వెతుక్కోవాలి? చాయ్ గ్లాసులు పట్టుకుని ఉన్నాను, ఎక్కడైనా విసిరి కొట్టాలనిపించింది. అంతలో ఆయన వంటింట్లోకి పోయి ఒక పళ్ళెం తెచ్చాడు. అందులో తడిపిన పసుపు. తానే కలుపుకున్నాడు. వేలు ముంచి ఓడ ముక్కు మీద ఒక చుక్క పెట్టాడు. అంత చిన్న ముక్కు మీద చెయ్యి పట్టదు, వేలే పడుతుంది. తర్వాత పళ్ళెం తమ్ముడి ముందుకు చాపాడు. అలవాటుగా. చెట్టు నీడ ఎటు పడాలో ఆలోచించనట్టు, ఆయన చెయ్యి కూడా ఆలోచించలేదు.

తమ్ముడు వెనక్కు జరిగాడు. అక్క చేసింది కదా బాపూ అని గొణిగాడు. ఎనిమిదేళ్ళప్పుడు వాడికి ఆ బుద్ధి లేకపోవడం వాడి తప్పు కాదు. అయినా వాడు దయతో నాకు ఇప్పించే పళ్ళెం నాకెందుకు? నువ్వు ఊకో అన్నాను వాడితో. గ్లాసులు కింద పెట్టి, బాపు చేతిలో నుంచి పళ్ళెం లాక్కున్నాను. పసుపు గచ్చు మీద చిందింది.

"గిదే పళ్ళెం," అన్నాను. "ఏ పళ్ళెం అని అడిగినవ్ గదా."

కుడి బొటనవేలికి గుడ్డ ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు పసుపులో ముంచాను. ఓడ వైపు వంగాను. బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. కర్ర పట్టి పట్టి గట్టిపడిన చెయ్యి, ఇంకా బలం పోలేదు. వద్దంటాడు, నలుగురి ముందూ మళ్ళీ వద్దంటాడు అనుకున్నాను. అంటే ఓడను నేలకేసి కొట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నిజంగానే కొట్టేదాన్ని.

"ఎడమది గాదు," అన్నాడు. "చేసిన చెయ్యి పెట్టాలె."

నా కుడిచెయ్యి తీసుకున్నాడు. గుడ్డ ముడి విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నేను సాయం చేయలేదు. తెగిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. బొటనవేలు ఆయనే పసుపులో ముంచి, ఓడ ముక్కు దగ్గరికి తెచ్చి వదిలేశాడు. అచ్చు నేనే వేశాను, ఆయన చుక్క పక్కన, దానికంటే గట్టిగా నొక్కి.

పసుపు గాయంలోకి పోయి భగ్గున మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మంటకే అని అందరికీ చెప్పాను.